అప్‌డేట్: కాన్రాడ్ తర్వాత అచెబె చదివాను

ఇంగ్లిష్ రచయిత జోసెఫ్ కాన్రాడ్ ఆఫ్రికా నేపథ్యంలో రాసిన ‘హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్’ నవలలో ఆఫ్రికావాళ్లకు మాటే లేదేంటని ఇంతకుముందు అడిగాను కదా. దానికి జవాబుగా మీరు చదవమని చెప్పిన నైజీరియా రచయిత చినువా అచెబె నవల ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ (1958) పూర్తయింది. ఇందులో తెల్లవాళ్లు వచ్చేసరికే చాలా కథ అయిపోతుంది. అప్పటిదాకా ఇగ్బో (నైజీరియాలోని ఒక జాతి) ఊళ్లో కుస్తీ పోటీలు, కోలా గింజ పంచుకుని మొదలయ్యే మాటలు, పెద్దల తగవులు. అన్నీ మంచివేం కావు. కవలలు పుడితే అడవిలో వదిలేస్తారు. అచెబె దాన్నీ దాచలేదు, అదే నచ్చింది. ఆఖర్లో (స్పాయిలర్, సారీ) బ్రిటిష్ జిల్లా కమిషనర్ కథానాయకుడు ఒకొంక్వో బతుకంతా తన పుస్తకంలో ఒక్క పేరాకి సరిపెట్టేద్దామనుకుంటాడు. ఒళ్లు మండింది!

కాన్రాడ్‌ను జాత్యహంకారి అంటూ అచెబె 1975లో చేసిన ప్రసంగం కూడా చదివాను. చాలావరకు ఒప్పుకుంటా. అయినా చెట్లకింద చావుకు దగ్గరైన కూలీల దృశ్యం రాసిన కాన్రాడ్‌ను పక్కన పడేయలేను. తర్వాత అచెబెదే ఇంకో నవల ‘యారో ఆఫ్ గాడ్’ మొదలుపెడుతున్నా.