మొదటి రెసోనేటర్ గిటార్: డబ్బు చెక్కకు పెట్టాలా, కోన్‌కు పెట్టాలా?

షార్లెట్_గ్యారేజీ:
అందరికీ నమస్తే. నార్త్ కరోలినాలో ఉంటాను. ఇక్కడ బ్లూగ్రాస్ (అమెరికా పల్లె సంగీతం) వాయించేవాళ్లతో తిరుగుతూ డోబ్రో మీద మనసు పడింది. అది చెక్క బాడీలో లోహపు కోన్ పెట్టి శబ్దం పెంచే రెసోనేటర్ గిటార్. కొనడం కంటే సొంతంగా చేసుకోవాలని ఉంది. మామూలు అకౌస్టిక్ గిటార్లు చేశాను కానీ రెసోనేటర్ ఇదే మొదలు. మంచి వాల్‌నట్ పలకలు చూశాను, అవి కొంటే కోన్ విషయంలో చవకదానితో సరిపెట్టుకోవాలి. ఫర్వాలేదా? తీగల కదలికను కోన్‌కు చేర్చే భాగంగా స్పైడర్ మంచిదా, బిస్కెట్ మంచిదా? ఎక్కువగా ఒడిలో పెట్టుకుని స్టీల్ బార్‌తో వాయిస్తాను, అప్పుడప్పుడు మామూలు గిటార్‌లా వేళ్లతో నొక్కి కూడా వాయించాలి. శాడిల్‌కి (బాడీ వైపు తీగలు ఆనే ముక్క) ఎముక వాడొచ్చా?

ఫ్రెట్‌వైర్:
ఆ పలకలు ఇప్పుడే కొనకండి. మామూలు గిటార్‌లో పైపలక కదిలి శబ్దం పుట్టిస్తుంది. ఇందులో పైపలక పని కోన్‌ను గట్టిగా పట్టుకుని ఉండటం. శబ్దం చాలావరకు ఆ పల్చటి అల్యూమినియం కోన్‌దే. గిటార్‌కు ఆంప్లిఫైయర్లు ఇంకా అందుబాటులో లేని రోజుల్లో డాన్సు బ్యాండ్లలో గిటార్ వినపడాలనే జాన్ డోపియెరా దీన్ని తయారుచేశాడు. 1927 నాటి నేషనల్ గిటార్లలో లోహపు బాడీ, మూడు చిన్న కోన్లు ఉండేవి. తర్వాత అన్నదమ్ములు కలిసి తెచ్చిన డోబ్రోలో చెక్క బాడీ, ఒకటే పెద్ద కోన్. ఆ చెక్క కూడా చాలా గిటార్లలో ప్లైవుడ్డే! మేలిరకం ప్లైవుడ్‌తో బాడీ చేసి, మిగిలిన డబ్బు కోన్‌కీ స్పైడర్‌కీ పెట్టండి. చేత్తో స్పిన్ చేసిన (తిరిగే అచ్చు మీద రేకును నొక్కి మలిచిన) కోన్, మంచి స్పైడర్ ఉంటే గిటార్ పలుకుతుంది. వాల్‌నట్ ఎంత అందంగా ఉన్నా చవక కోన్ గొంతు మార్చలేదు.

ముందు తేల్చుకోవాల్సింది మెడ. స్క్వేర్ నెక్ (వెనక చదరంగా ఉండే మెడ) అయితే తీగలు ఎత్తులో ఉంటాయి, వేళ్లతో నొక్కడం కుదరదు. రెండు రకాలుగానూ వాయించాలంటే రౌండ్ నెక్ (మామూలు గుండ్రని మెడ) చేసి, స్టీల్‌తో వాయించేటప్పుడు నట్ (మెడ పైకొసన తీగలు ఆనే ముక్క) మీద ఎత్తు పెంచే ముక్క పెట్టుకోండి. అలా చేస్తే ట్యూనింగ్ విషయంలో జాగ్రత్త. డోబ్రోవాళ్ల జి-బి-డి-జి-బి-డిలో (లావు తీగ నుంచి సన్న తీగ దాకా స్వరాలు) లావు తీగలను మామూలు కంటే ఎక్కువ శ్రుతికి లాగాలి, ఆ లాగుడుకు స్క్వేర్ నెక్ తట్టుకుంటుంది. రౌండ్ నెక్‌కి డి-జి-డి-జి-బి-డి చాలు.

బ్లూగ్రాస్ అన్నారు కాబట్టి కళ్లు మూసుకుని స్పైడర్ తీసుకోండి. గిన్నెలా లోపలికి వంగిన పదిన్నర అంగుళాల కోన్, దాని అంచు మీద ఎనిమిది కాళ్లతో నిలబడే స్పైడర్. స్వరం సాగుతుంది, పాట వెంట నడుస్తుంది. బిస్కెట్‌లో తొమ్మిదిన్నర అంగుళాల కోన్ పైకి ఉబ్బి ఉంటుంది, కొన మీద చిన్న మేపుల్ బిళ్ల. మీటగానే చురుక్కుమని పలికి త్వరగా ఆగిపోతుంది. బ్లూస్‌కి అది ప్రాణం. బాడీ కోశాక ఒకదాన్నుంచి ఇంకోదానికి మారడం కష్టం, అందుకే కోన్ చేతికి వచ్చాకే బాడీకి రంధ్రం కోయండి.

శాడిల్‌కి ఎముక వద్దు, అది నట్‌కి బాగుంటుంది. స్పైడర్ మీద మేపుల్ ముక్కలు, వాటిపైన సన్నటి ఎబొనీ తొడుగు పెట్టండి. ముక్కలు స్పైడర్ గాడిలో బిగుతుగా కూర్చోవాలి. అక్కడ వదులుంటే స్వరం సగం అక్కడే పోతుంది.

ఒడిగిటార్_నాష్‌విల్:
ఫ్రెట్‌వైర్ గారితో చాలావరకు ఏకీభవిస్తాను, చెక్క విషయంలో మాత్రం కాదు. ఇప్పటి డోబ్రోలు చాలామంది పాతకాలపు సౌండ్‌వెల్ (కోన్ చుట్టూ లోపల ఉండే చెక్క గోడ) తీసేసి, లోపల చిన్న స్తంభాలతో బాడీ తెరిచి కడుతున్నారు. అలాంటి గిటార్‌లో ఘనమైన మేపుల్‌కీ మహాగనీకీ తేడా చెవికి తెలుస్తుంది, ముఖ్యంగా కింది స్వరాల్లో.

ఫ్రెట్‌వైర్:
నిజమే, అలా కడితే తెలుస్తుంది. కానీ చవక కోన్ పెడితే ఆ తేడా కూడా వినపడదు. అందుకే మొదటిదానికి కోన్ ముందు అంటున్నాను.

షార్లెట్_గ్యారేజీ:
చాలా థాంక్స్ అండీ. స్పైడర్, రౌండ్ నెక్, ప్లైవుడ్ ఖాయం. కోన్ ఎక్కడ కూర్చోవాలో లెక్క ఎలా? బజ్ (జుమ్మనే అనవసర చప్పుడు) వస్తుందని అందరూ భయపెడుతున్నారు.

ఫ్రెట్‌వైర్:
నట్ నుంచి పన్నెండో ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు మెట్టు) దాకా ఎంతో, అక్కణ్నుంచి శాడిల్ దాకా కూడా అంతే, వేళ్లతో నొక్కుతారు కాబట్టి లావు తీగల వైపు కాస్త ఎక్కువ. శాడిల్ కోన్ మధ్యలోనే ఉంటుంది, మామూలు బ్రిడ్జిలా తర్వాత జరపలేరు. ముందు మెడను బాడీకి తాత్కాలికంగా బిగించి గీత గీసుకుని, అప్పుడే రౌటర్ (చెక్క తొలిచే యంత్రం) పట్టండి.

బజ్ ఎక్కువగా కోన్ కూర్చునే అంచు దగ్గరే పుడుతుంది. ఒక మిత్రుడి గిటార్ ఎంత సరిచేసినా జుమ్మంటూనే ఉండేది. విప్పి చూస్తే అంచు మీద ఎండిన జిగురు బొట్టు. గీకేశాక ఆ చప్పుడు పోయింది. అంచు సమతలంగా ఉందో లేదో అద్దం ముక్క పెట్టి చూడండి. కోన్‌ను అంచులు పట్టుకునే ఎత్తాలి, మధ్యలో వేలు ఆనించకూడదు. దానికి స్క్రూలు, జిగురు ఏవీ వద్దు, తీగల ఒత్తిడే పట్టి ఉంచుతుంది. స్పైడర్ మధ్యలో ఉండే స్క్రూ మాత్రం తీగలు శ్రుతి చేశాక, గలగల ఆగేదాకా కొద్దికొద్దిగా బిగించండి. అంతకు మించితే కోన్ గొంతు నొక్కినట్టే.

కవర్‌ప్లేట్ (కోన్‌ను కప్పే లోహపు మూత) పెట్టేముందు శాడిల్‌కీ దానికీ మధ్య ఖాళీ ఉందో లేదో చూసుకోండి. స్క్రూ రంధ్రాలు ముందే వేసి, స్క్రూలకు కాస్త మైనం రాస్తే చెక్క చీలదు. కోన్ రాగానే ఫోటో పెట్టండి, రంధ్రం కొలత ఇక్కడే చూద్దాం.