అప్పిచ్చినవాడిదేనా పెత్తనం? లంక, అమెరికా, మన వనామీ రొయ్యల చెరువులు

అల్లూరు వనామీ
శ్రీలంక 2017లో హంబన్‌తోట రేవును 99 ఏళ్లకు చైనా కంపెనీకి లీజుకిచ్చింది. అప్పు తీర్చలేకే రేవు పోయిందంటారు. నేనూ అదే అంటా, అప్పిచ్చినవాడే రాజు. మన దగ్గర మేత డీలర్‌ని చూడండి. మేత, మందులు అప్పు మీద వేస్తాడు, రొయ్యలు పట్టే రోజు సరుకు అతనికే తోలాలి. బయట వ్యాపారి అదే కౌంట్‌కి (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క) రేటు ఎక్కువిస్తానన్నా అమ్మలేం. దేశాల సంగతీ ఇంతే.

ఒంగోలు లెక్కలు
మరి అమెరికా? 2024 నవంబరులో ఆ ప్రభుత్వ అప్పు 36 లక్షల కోట్ల డాలర్లు దాటింది. వాళ్లకు అప్పిచ్చిన దేశాల్లో జపాన్, చైనా పెద్దవి. కరెంటు చార్జీలు పెంచమని జపాన్ ఎప్పుడైనా అమెరికాకి చెప్పగలిగిందా? 2025 ఆగస్టులో మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది ఆ అప్పులున్న దేశమే. దెబ్బ తగిలింది మీ రొయ్యలకే.

అల్లూరు వనామీ
వాళ్లు డాలర్లు అచ్చేసుకుంటారు. వాళ్లను లెక్కలోకి తీసుకోకూడదు.

ఒంగోలు లెక్కలు
అసలు లెక్క అక్కడే ఉందన్నా! సొంత కరెన్సీలో అప్పు చేసినవాణ్ణి ఎవరూ కదిలించలేరు. జపాన్ ప్రభుత్వ అప్పు జీడీపీకి రెండింతల పైనే, ఎక్కువ భాగం యెన్‌లోనే, సొంత జనానికే బాకీ. లంక డాలర్లలో తెచ్చింది. ఆ డాలర్లు ఎగుమతులు, పర్యాటకులు, విదేశాల్లో పనిచేసేవాళ్ల వల్లే రావాలి. కరోనాతో పర్యాటకం పడిపోయింది. 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పుల చెల్లింపు ఆపేశారు.

హంబన్‌తోట కథ కూడా అట్టా జరగలేదు. లీజుకు వచ్చిన 112 కోట్ల డాలర్లు రేవు అప్పుకు జమ కాలేదు, దేశం డాలర్ నిల్వలకు పోయాయి. రేవు అప్పు అట్టాగే మిగిలింది. విదేశీ అప్పులో అన్నిటికన్నా పెద్ద వాటా మార్కెట్లో అమ్మిన డాలర్ బాండ్లది, అంటే అప్పు పత్రాలది.

కావలి పాఠకుడు
2019లో పన్నులు కోసింది, 2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా ఆపింది కొలంబో సర్కారే కదా. ఏ అప్పులవాడూ చెప్పలేదు.

టంగుటూరు బ్యారన్
ఒప్పుకుంటా. కానీ ఐఎంఎఫ్‌ను (కష్టాల్లో పడ్డ దేశాలకు అప్పిచ్చే అంతర్జాతీయ ద్రవ్య నిధి) అందరూ వదిలేశారు. 2023 మార్చిలో లంకకు అది ఒప్పుకున్నది సుమారు 300 కోట్ల డాలర్లు, అదీ వాయిదాల్లో. కానీ మిగతావాళ్లు బాకీ ఎంత తగ్గించుకోవాలో దాని లెక్కను బట్టే తేలింది. కరెంటు చార్జీలు, పన్నులు పెరిగాయి. ఐఎంఎఫ్‌లో పెద్ద నిర్ణయాలకు 85 శాతం ఓట్లు కావాలి. అమెరికా ఒక్కదానికే 16 శాతం పైన ఉన్నాయి. వాళ్లు వద్దంటే ఆగిపోయినట్టే.

మనం మాత్రం పడలేదా? 1991లో దాదాపు 47 టన్నుల బంగారం ఇంగ్లండ్, జపాన్ కేంద్ర బ్యాంకుల దగ్గర కుదువ పెడితే వచ్చింది 40 కోట్ల డాలర్లు. ఆ జూలైలో మూడు రోజుల్లో రెండుసార్లు రూపాయి విలువ తగ్గించారు, ఎరువుల ధర పెంచారు. 1999లో ప్రపంచ బ్యాంకు అప్పుతో మన రాష్ట్రంలో విద్యుత్ సంస్కరణలు మొదలయ్యాయి. 2000లో చార్జీలు పెరిగాయి, హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో నిరసనకారుల మీద పోలీసు కాల్పులు జరిగాయి. సంతకం సర్కారుది, బిల్లు బోరు రైతుది. అందుకే 'దేశం అప్పు' అంటే నాకు చిరాకు. దేశంలో ఎవరు తీర్చాలో ఎవరూ చెప్పరు.

ఒంగోలు లెక్కలు
సంస్కరణలు మంచివా కాదా అన్నది వేరే తగువు. నాకైతే 1991వి తప్పలేదనిపిస్తుంది, చార్జీల సంగతి మీరన్నదే.

అల్లూరు వనామీ
ఒకటి చెప్పండి. 2022లో లంకకు మన దేశం సుమారు 400 కోట్ల డాలర్ల సాయం చేసింది. ఇంధనం, మందులు, తిండి. ఊరికే ఇచ్చామా? అదే ఏడు జనవరిలో లంకలోని ట్రింకోమలీ చమురు నిల్వ ట్యాంకుల మీద మనతో ఒప్పందం కుదిరింది.

ఒంగోలు లెక్కలు
ఆ ట్యాంకుల మీద మనవాళ్ల ఒప్పందం 2003 నుంచే ఉంది. అప్పు వల్లే వచ్చిందనలేం.

అల్లూరు వనామీ
పందొమ్మిదేళ్లు నానిన ఫైలు డాలర్లు అయిపోయే వేళకే కదిలిందా?