పెద్ద పోస్టు వచ్చాక సింహాచలం అప్పన్న స్వామి దూరమైనట్టుంది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది విశాఖ, గోపాలపట్నం. ఉద్యోగం లేని రోజుల్లో ఏటా ఆషాఢ పౌర్ణమి ముందు రోజు కొండ కింద తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి, చెప్పుల్లేకుండా 32 కిలోమీటర్ల సింహాచలం గిరి ప్రదక్షిణ చేసేవాణ్ణి. అప్పూఘర్ దాటేసరికి కాళ్లు బొబ్బలెక్కేవి. ముక్కూమొహం తెలియనివాళ్లు మజ్జిగ చేతికిస్తే కళ్లలో నీళ్లు తిరిగేవి.

ఇప్పుడు నా కింద 200 మంది పనిచేస్తున్నారు. మొన్న చందనోత్సవానికి ప్రోటోకాల్ లైన్లో వెళ్లాను. స్వామి మీది చందనం పూత తీసి, ఏడాదికి ఒక్కరోజే దొరికే నిజరూప దర్శనం. అక్కడ కూడా నన్ను ఎవరైనా గుర్తుపట్టారా అనే చూసుకున్నాను! పక్క క్యూలో ఒక ముసలమ్మ "అప్పన్నా" అంటూ ఏడుస్తుంటే సిగ్గేసింది. ప్రహ్లాదుడి మనవడు బలి చక్రవర్తి అంతటివాడే మూడో అడుగుకి తల వంచాడు. నాకు మెడ వంగడం లేదు.

పిల్లల చదువులున్నాయి, ఉద్యోగం మానలేను. పదవిలో ఉంటూనే భక్తి నిలుపుకున్నవాళ్లు రోజూ ఏం చేస్తారు? పేరు బయటపడకుండా సేవ చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఈసారి మళ్లీ నడవాలని ఉంది. వయసు 48, షుగర్ ఉంది. ఉత్త కాళ్లతో వద్దని మా ఆవిడ గొడవ. షుగర్ ఉండి నడిచినవాళ్లుంటే కాస్త చెప్పండి.