యాభై దాటితే ఊళ్లు తిరగడం మీద మోజు పోతుందా?

గుత్తికోట (అనంతపురం):
తిట్టుకోకుండా మాట్లాడుకుందామని చర్చకు పెడుతున్నాను. నాకు యాభై మూడేళ్లు. కుర్రతనంలో అర్ధరాత్రి గుంతకల్లు జంక్షన్‌లో రైలు మారాలన్నా సంబరంగా ఉండేది. ప్లాట్‌ఫాం మీద దుప్పటి పరుచుకుని, ఏ బండి ఏ ఊరికి పోతుందో అనౌన్స్‌మెంట్లు వింటూ పడుకునేవాళ్లం. ఈమధ్య ఆఫీసువాళ్లంతా కలిసి కేరళ టూరు వేశారు. హౌస్‌బోట్ ఎక్కాను. బాగుంది, అంతే. రెండో రోజుకే ఇంటికెప్పుడు పోతామా అనిపించింది. గదిలో గీజర్ పనిచేస్తుందా లేదా అన్న టెన్షన్ తప్ప ఇంకేమీ బుర్రలో లేదు.

ఇది వయసు చేసే పని అంటాను. కొత్తది ఎదురైతే మెదడులో డోపమైన్ అనే రసాయనం ఊరుతుంది, ఆ ఊపే మనం థ్రిల్ అనుకునేది. మార్విన్ జుకర్‌మన్ అనే అమెరికా సైకాలజిస్టు థ్రిల్ కోసం వెతికే గుణాన్ని కొలవడానికి 1964లో ఒక స్కేలు తయారుచేశాడు. దానితో చూస్తే కుర్రవయసులో ఎక్కువగా ఉండి, తర్వాత తగ్గుతూ వస్తుందని తేలింది. మన చేతిలో లేనిదానికి టూరు ప్యాకేజీలు కొని ఏం లాభం? కాదనేవాళ్లు చెప్పండి.

కారందోశ (కడప):
వయసు మీదికి తోసెయ్యడం సులువన్నా. మావాడికి పదిహేడేళ్లు. పోయిన చలికాలం గండికోటకు తీసుకుపోయాను. ఎర్ర బండల మీద చేతులు ఆనించుకుంటూ, ఒకదాని మీద నుంచి ఇంకోదానికి కాలు చాచి దాటుకుంటూ అంచు దాకా పోయాం. కింద పెన్న. ఎన్నిసార్లు చూసినా అక్కడ నాకు అరికాళ్లు జివ్వుమంటాయి. వాడు ఒకసారి తొంగిచూసి, "రీల్‌లో ఇంకా బాగుండింది నాయనా" అన్నాడు. లోయకు వీపు పెట్టి సెల్ఫీ తీసుకున్నాడు. పదిహేడేళ్లవాడికి రాని థ్రిల్ నాకెట్లా వచ్చింది? వాడికి డోపమైన్ కరువా?

పోకముందే డ్రోన్ వీడియోలన్నీ చూసేస్తే, అక్కడికి పోయి చేసేది సరిచూసుకోవడమే. తావెర్నియే అనే ఫ్రెంచి నగల వ్యాపారి 1652లో ఇదే గండికోటకు వచ్చాడు, గోల్కొండ సుల్తాను మంత్రి మీర్ జుమ్లాను కలవడానికి. కోటకు ఎక్కే దారి ఎంత ఇరుకో, పక్కనే లోయ ఎంత భయంకరమో రాసిపెట్టాడు. అప్పటికి ఆయనకు నలభై ఏడేళ్లు. ఆ తర్వాత కూడా ప్రయాణాలు మానలేదు. 1689లో మాస్కోలో చనిపోయాడు, సొంతూళ్లో కాదు. ఏ రివ్యూ చదివి వచ్చాడంటావు?

గుత్తికోట:
ఆయన వచ్చింది వ్యాపారానికి. వజ్రాలు, ముత్యాలు చేతులు మారతాయంటే నేనూ ఎనభై దాకా తిరుగుతాను.

పెన్నమ్మ (ప్రొద్దుటూరు):
సార్లూ, మీ ఇద్దరి మాటల్లో ఆడవాళ్లు ఎక్కడా కనబడలేదు, అందుకే రాస్తున్నా. మోజు తగ్గాలంటే ముందు ఒకసారన్నా తీరాలి కదా. మా ఇంట్లో టూరంటే నేను తెల్లవారుజామున మూడింటికి లేచి పులిహోర కలపాలి, చపాతీలు ఒత్తాలి, అందరి తువ్వాళ్లూ సర్దాలి. అహోబిలం పోయినప్పుడు మగవాళ్లంతా జ్వాలా నరసింహుడి దాకా ఎక్కారు. నేను ఎగువ అహోబిలం గుడి దగ్గర చంటిపిల్లనీ, సంచులనీ, అందరి చెప్పులనీ కాచుకుంటూ కూర్చున్నా. ఫొటోల్లో కొండ ఉంది, నేను లేను.

ఇప్పుడు పిల్లలు స్థిరపడ్డారు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ ఉచితం. వీధిలో మా ఈడు వాళ్లం కలిసి, బస్సులు మారి మారి బెలుం గుహలకు పోయినాం. లోపల పాతాళగంగ దాకా దిగితే 46 మీటర్ల లోతట. గాలి ఆడదు, జాకెట్టు మొత్తం తడిసి వీపుకు అంటుకుపోయింది. మోకాళ్లు పట్టేశాయి, మధ్యలో కూర్చుండిపోయినాం. అయినా ఆ నీళ్లు కనబడి, అట్లే బండ కిందికి మాయమైపోతుంటే చిన్నపిల్లల మాదిరి అరిచినాం. గైడు నవ్వినాడు. నాకు యాభై ఎనిమిది.

తుంగభద్ర (కర్నూలు):
పెన్నమ్మగారి పోస్టు చదివాక జుకర్‌మన్ స్కేలుకు పెద్దగా పనిలేదు గానీ, ఒక సంగతి చెప్పాలి. 2014లో భట్టాచార్జీ, మొగిల్‌నర్ అనే ఇద్దరి పరిశోధన అచ్చయింది. కుర్రవాళ్లకు అసాధారణమైన అనుభవాలే ఎక్కువ సంతోషాన్నిస్తున్నాయి. వయసు పెరిగేకొద్దీ మామూలు అనుభవాలూ వాటితో సమానంగా తృప్తినిస్తున్నాయి. నా మటుకు నాకు అది నిజం. పొద్దున కొండారెడ్డి బురుజు వైపు నడిచి, ఉగ్గాని బజ్జీ తిని ఇంటికొస్తే రోజు నిండుతుంది. దాన్ని ముసలితనం అనాలంటే అనుకోండి.

అసలు గుత్తికోటగారు పోల్చే పద్ధతే తేడాగా ఉంది. పెద్దవాళ్లను పాత సంగతులు చెప్పమంటే పదేళ్లకూ ముప్పై ఏళ్లకూ మధ్యవే ఎక్కువ చెబుతారు. సైకాలజీలో ఇది బాగా తెలిసిన విషయం. మీరు నిన్నటి కేరళను ముప్పై ఏళ్లు మెరుగుపెట్టిన గుంతకల్లుతో పోలుస్తున్నారు. ఆ రాత్రి దోమలు కుట్టలేదా? కారందోశగారి అబ్బాయి కూడా యాభై ఏళ్లప్పుడు గండికోట గురించి ఎంత గొప్పగా చెబుతాడో చూడండి, సెల్ఫీ మాట ఎత్తకుండా.

గుత్తికోట:
దోమలు కుట్టాయి సార్, గట్టిగానే. అయినా బాగుండింది. హౌస్‌బోట్‌లో ఒక్క దోమ లేదు, ఏసీ ఉంది. అయినా విసుగే. నేను మొదటినుంచీ చెప్పేది అదే కదా. పెన్నమ్మగారి విషయం వేరు. ఆమె మొదలుపెట్టిందే ఆలస్యంగా. ఇంకో పదేళ్లు తిరిగాక అప్పుడు అడుగుదాం.

పెన్నమ్మ:
పదేళ్ల తర్వాత నా మోకాళ్లను అడగండి, అవే చెబుతాయి. ఇంతకీ కేరళకు మీ ఇంట్లోవాళ్లు వచ్చారా?

గుత్తికోట:
లేదమ్మా. ఆఫీసు టూరు.

పెన్నమ్మ:
అయితే ఆమెకు ఎక్కడికి పోవాలని ఉందో అడిగి వచ్చి ఇక్కడ రాయండి. డోపమైన్ సంగతి ఆ తర్వాత చూద్దాం.