చర్చ: అత్తగారికి ఫోను, అబ్బాయికి ట్యాబ్లెట్ – ఐదేళ్ళు నిలవాలంటే చెన్నైలో ఏమి చూసి కొనాలి?

వేళచ్చేరి గృహిణి:
ఈ నెలలో మా ఇంట్లో రెండు వస్తువులు కొనవలసి ఉంది. డెబ్బై ఏళ్ళు దాటిన మా అత్తగారికి ఒక ఫోను, నాలుగో తరగతి చదువుతున్న అబ్బాయికి ఒక ట్యాబ్లెట్. అత్తగారికి తెలుగు తప్ప మరో లిపి చదవడం రాదు. అబ్బాయికి బడిలో తమిళం, ఇంగ్లీషు ఉన్నాయి గాని తెలుగు అక్షరాలు నేర్పేవారు లేరు. ఫోనుకు ఇరవై వేల లోపు పెట్టగలం. దుకాణంలో అడిగితే కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్ళో, చార్జింగ్ ఎన్ని వాట్లో చెబుతున్నారు తప్ప ఎన్నాళ్ళు నిలుస్తుందో ఎవరూ చెప్పడం లేదు. మా ఆడపడుచు అమెరికా నుంచి తన ఐఫోన్ 14 పంపిస్తానంటోంది, అత్తగారికి అది ఇవ్వవచ్చా? వాడి చూసినవారు దయచేసి చెప్పండి.

అంబత్తూరు ఇంజినీరు:
అమ్మా, మెగాపిక్సెళ్ళూ వాట్లూ పక్కన పెట్టి, ఈ ఫోనుకు భద్రతా అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా వస్తాయని ముందుగా అడగండి. అప్‌డేట్లు ఆగిపోయిన ఫోను మాట్లాడుకోవడానికి పనికివస్తుంది గాని, అందులో బ్యాంకు యాప్, యూపీఐ పెట్టుకొని నిశ్చింతగా ఉండలేము. 2023లో పిక్సెల్ 8తో గూగుల్, 2024 జనవరిలో గెలాక్సీ ఎస్24తో శామ్‌సంగ్ ఏడేళ్ళ అప్‌డేట్లు ప్రకటించాయి. అవి ఖరీదైన ఫోన్లు. అయితే అదే సంవత్సరం చివర్లో ఇరవై వేల లోపు తరగతిలో వచ్చిన గెలాక్సీ ఏ16 5జీకి కూడా ఆరేళ్ళ హామీ ఇచ్చారు కనుక, తక్కువ ధరలో దీర్ఘకాలం నిలిచేది దొరకదని అనుకోనక్కరలేదు. ఈ లెక్క ఆ మోడల్ విడుదలైననాటి నుంచి మొదలవుతుంది, మనం కొన్ననాటి నుంచి కాదు. రెండేళ్ళ కిందటి మోడల్‌ను దీపావళి తగ్గింపులో కొంటే ఆ రెండేళ్ళూ అప్పటికే ఖర్చయినట్టే.

స్టోరేజీ 128 జీబీకి తగ్గకుండా చూడండి. అందులోనూ ఈఎంఎంసీ రకం కన్నా యూఎఫ్ఎస్ రకం వేగవంతమైనది. చవక ట్యాబ్లెట్లలో మొదటి రకం ఎక్కువగా కనిపిస్తుంది. పెట్టె మీద ‘6 జీబీ + 6 జీబీ’ అని వేసి ఉంటే రెండో ఆరు లెక్కలోకి తీసుకోవద్దు. అది స్టోరేజీలో కొంత భాగాన్ని ర్యామ్‌గా, అంటే నడుస్తున్న యాప్‌లు వాడుకునే తాత్కాలిక జ్ఞాపకశక్తిగా, వాడుకోవడమే, స్టోరేజీ ఎప్పటికీ ర్యామ్ అంత వేగంగా పనిచేయదు.

ఇక ఐఫోన్ సంగతి. ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్ముతున్న వాటికి సిమ్ కార్డు పెట్టే చోటే ఉండదు, ఈసిమ్, అంటే కార్డు లేకుండా ఫోనులోనే అమర్చుకునే సిమ్, మాత్రమే పనిచేస్తుంది. జియో, ఎయిర్‌టెల్ ఈసిమ్ ఇస్తాయి కాబట్టి వాడుకోవచ్చు. కాని ఫోను హఠాత్తుగా ఆగిపోతే సిమ్ తీసి ఇంట్లో ఉన్న మరో ఫోనులో వేసుకునే వీలుండదు. పెన్షను, బ్యాంకు ఓటీపీలన్నీ ఆ నంబరుకే వచ్చే పెద్దవారికి ఇది చిన్న ఇబ్బంది కాదు. ఆ ఫోను మీరు వాడుకొని, అత్తగారికి ఇక్కడ కొన్నది ఇవ్వడం మంచిదని నా అభిప్రాయం.

రిచీ స్ట్రీట్ మెకానిక్:
ఇంజినీరు గారు చెప్పిన దానికి బ్యాటరీ సంగతి చేర్చాలి. నా బల్ల మీదికి వచ్చే ఫోన్లలో చాలా వాటికి లోపలి చిప్పులు బాగానే ఉంటాయి, బ్యాటరీ మాత్రం అయిపోయి ఉంటుంది. లిథియం అయాన్ బ్యాటరీని తినేసేవి రెండు: వేడి, గంటల తరబడి నూరు శాతం మీద నిలిపి ఉంచడం. రెండూ కలిస్తే నష్టం ఇంకా వేగంగా జరుగుతుంది. పరిసరాల వేడి 35 డిగ్రీలు దాటితే ఐఫోన్ వాడవద్దని ఆపిల్ చెబుతుంది. మన ఊళ్ళో మే నెల కత్తిరి ఎండల్లో 40 దాటడం మామూలే. బండి హ్యాండిల్‌కు ఫోను బిగించి, ఎండలో మ్యాపు నడుపుతూ, దానికే చార్జింగ్ కేబుల్ కూడా తగిలించుకునేవారి ఫోన్లు ఏడాది తిరగకుండానే నా దగ్గరికి రావడానికి కారణం ఇదే. రాత్రి దిండు కింద చార్జింగ్ పెట్టడం కూడా అలాంటిదే.

బ్యాటరీ జీవితాన్ని చార్జింగ్ వలయాలతో లెక్కిస్తారు. నేడు సగం, రేపు సగం నింపితే రెండూ కలిపి ఒక్క వలయమే. ఐఫోన్ 14, అంతకు ముందువి 500 వలయాల తరువాత, ఐఫోన్ 15 నుంచి వచ్చినవి 1000 వలయాల తరువాత 80 శాతం సామర్థ్యం నిలుపుకునేలా రూపొందించామని ఆపిల్ ప్రకటించింది. చార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సౌకర్యం ఐఫోన్ 15 మొదలుకొని ఉంది. శామ్‌సంగ్, పిక్సెల్ ఫోన్ల బ్యాటరీ సెట్టింగులలోనూ దొరుకుతుంది. రోజంతా ఇంట్లోనే ఉండే అత్తగారి ఫోనుకు దాన్ని తప్పక పెట్టండి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. తెర అంచు ఒక పక్క వేలిగోరు దూరేంత లేచి, ఫోనును బల్ల మీద పెడితే ఊగుతూ ఉంటే, లోపల బ్యాటరీ ఉబ్బిందని అర్థం. దాన్ని నొక్కి సరిచేయడానికి ప్రయత్నించవద్దు, చార్జింగ్ పెట్టవద్దు, నేరుగా సర్వీసు కేంద్రానికి తీసుకువెళ్ళండి. వానలో తడిసిన ఫోనును బియ్యం డబ్బాలో పెట్టడం కూడా మానాలి. బియ్యపు నలకలు చార్జింగ్ రంధ్రంలో చేరి కొత్త సమస్య తెస్తాయి. ఆపు చేసి, రంధ్రం కిందికి ఉండేలా మెల్లగా తట్టి, గాలి ఆడే చోట ఆరబెట్టడమే మేలు.

పెరంబూరు పెద్దాయన:
రైల్వేలో పని చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని, మీ అత్తగారి వయసువాడిని. మా బోటి వారికి ఫోను ఏదన్నదానికన్నా దాన్ని ఎలా అమర్చి ఇచ్చారన్నదే ముఖ్యం. అక్షరాల పరిమాణం ఒక్కటే పెంచితే చాలదు. డిస్‌ప్లే సైజు కూడా పెంచితేనే గుర్తులు, బొత్తాలు పెద్దవై వేలికి అందుతాయి. ఫోనంతా తెలుగులోకి మార్చితే అల్లుడు గాని మనవడు గాని సెట్టింగులు వెతకలేక తికమకపడతారు. ఆండ్రాయిడ్ 13 నుంచి ఒక్కొక్క యాప్‌కు ఒక్కొక్క భాష పెట్టుకోవచ్చు కాబట్టి, వాట్సాప్ తెలుగులో, తక్కినవి ఇంగ్లీషులో ఉంచుకున్నాను. మునివేళ్ళ గీతలు అరిగిపోయిన వారికి వేలిముద్ర సరిగా పడదు. అదే వేలిని రెండుసార్లు వేరువేరు కోణాలలో నమోదు చేయించండి, చాలా తేడా కనిపిస్తుంది. వాట్సాప్‌లో ఫొటోలు, వీడియోలు వాటంతట అవి దిగకుండా ఆపండి, లేకపోతే శుభోదయాలతోనే ఫోను నిండిపోతుంది.

తెలియని నంబర్ల నుంచి వచ్చే వాట్సాప్ కాల్స్‌ను మోగకుండా చేసే సెట్టింగు ఉంది, అది పెట్టి ఇవ్వండి. మోసం జరిగిందనిపిస్తే వెంటనే పిలవవలసిన సైబర్ నేరాల నంబరు 1930ని ఆమె కాంటాక్టులలో తెలుగులో వ్రాసి పెట్టండి. ఎవరు ఎంత మర్యాదగా అడిగినా మన ఫోను తెరను ఎదుటివారికి చూపించే యాప్ వేయకూడదని కూడా ఓపికగా చెప్పాలి.

కొళత్తూరు తెలుగు మాస్టారు:
ట్యాబ్లెట్ గురించి నేను చెబుతాను. 2006 నాటి తమిళనాడు చట్టం తరువాత ఇక్కడి బళ్ళలో తమిళం తప్పనిసరి కావడంతో, మన పిల్లలలో చాలామంది తెలుగు లిపిని ఇంటి దగ్గరే నేర్చుకోవలసి వస్తోంది. ఆ పనికి ట్యాబ్లెట్ నిజంగా ఉపకరిస్తుంది, అయితే రెండు షరతులు ఉన్నాయి. తెర పది అంగుళాలకు తగ్గకూడదు. స్కాన్ చేసిన పాత బాల సాహిత్యం, పెద్దబాలశిక్ష పేజీలు ఎనిమిది అంగుళాల తెర మీద తెరిస్తే ప్రతి పేరానూ లాగి పెద్దది చేసుకోవాలి, పిల్లవాడికి అక్కడే విసుగు పుడుతుంది. రెండవది కలం. మెత్తటి రబ్బరు మొన ఉన్న చవక కలాన్ని తెర వేలిగానే భావిస్తుంది, కాబట్టి అరచెయ్యి ఆనించినా గీత పడుతుంది. దానితో పిల్లలు మణికట్టు గాలిలో పెట్టి వ్రాయడం అలవాటు చేసుకొని దస్తూరీ చెడగొట్టుకుంటారు. ఆ ట్యాబ్లెట్ కోసమే తయారైన కలం ఉన్నదే కొనండి.

గూగుల్ వారి కీబోర్డు యాప్ జీబోర్డులో తెలుగు చేతివ్రాత పెట్టుకుంటే, తెర మీద వ్రాసిన అక్షరాన్ని అచ్చు అక్షరంగా మార్చి చూపిస్తుంది. నా దగ్గరికి వచ్చే పిల్లవాడు ‘ధనము’ అని వ్రాస్తూ ధకారం కింది గీత మరచిపోతే పైన ‘దనము’ అని వస్తుంది. నేను దిద్దకముందే వాడు చూసి, చెరిపి మళ్ళీ వ్రాస్తాడు. అయితే యంత్రం కొన్నిసార్లు తప్పు అక్షరాన్ని కూడా ఒప్పుగా ఊహించుకుంటుంది కాబట్టి పక్కన ఒక పెద్దవారు కూర్చోక తప్పదు.

తాంబరం వాసి:
2015 వరదలప్పుడూ 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానప్పుడూ మా వైపు కరెంటు, సిగ్నలు రెండూ పోయాయి. సిగ్నలు లేనప్పుడు ఫోను టవరు కోసం వెతుకుతూనే బ్యాటరీ ఖర్చు చేస్తుంది. ఫ్లైట్ మోడ్‌లో ఉంచి, గంటకొకసారి తీసి చూసుకోవాలి. పవర్ బ్యాంకు మీద 10,000 ఎంఏహెచ్ అని ఉన్నంతమాత్రాన 5,000 బ్యాటరీని రెండుసార్లు నింపదు, వోల్టేజి మార్పిడిలో కొంత పోతుంది. దాని మీదే చిన్న అక్షరాలతో ఉండే ‘రేటెడ్ కెపాసిటీ’, అంటే నిజంగా బయటికి ఇచ్చే సామర్థ్యం, చూసి కొనండి.

వేళచ్చేరి గృహిణి:
అందరికీ నమస్కారాలు. అత్తగారికి ఇక్కడే కొంటాము. మాస్టారూ, పెద్ద తెరా కలమూ కలిపితే ధర బాగా పెరుగుతోంది. అబ్బాయికి వాడిన ట్యాబ్లెట్ తీసుకోవచ్చా?

రిచీ స్ట్రీట్ మెకానిక్:
తీసుకోవచ్చమ్మా, డబ్బు ఇచ్చే ముందు నాలుగు పరీక్షలు చేయండి. అమ్మేవారి ఎదుటే వారి గూగుల్ ఖాతా తీయించి, ఫ్యాక్టరీ రీసెట్ (అన్నీ చెరిపి కొత్తదానిలా చేయడం) చేయించి, మీ ఖాతాతో తెరుచుకునే దాకా అక్కడే ఉండండి. పాత ఖాతా మిగిలి ఉంటే రీసెట్ తరువాత దాని పాస్‌వర్డే అడుగుతుంది, అప్పుడు అది పనికిరాని పలక అవుతుంది. సెట్టింగులలో చివరి భద్రతా అప్‌డేట్ తేదీ చూడండి, అది ఏడాది పాతదైతే వదిలేయండి. సినిమా యాప్‌ల వీడియోలు హెచ్‌డీలో రావాలంటే, వీడియోల నకలు తీయకుండా కాపాడే వైడ్‌వైన్ అనే ఏర్పాటులో ఎల్1 స్థాయి ఉండాలి; ఎల్3 ఉన్నవాటిలో సినిమా యాప్‌లు మసకగానే చూపిస్తాయి. సిమ్ వేసుకునే ట్యాబ్లెట్ అయితే *#06# నొక్కినా, ఆ కోడు పనిచేయకపోతే సెట్టింగులలో చూసినా ఐఎంఈఐ సంఖ్య, అంటే ఆ పరికరానికి మాత్రమే ఉండే గుర్తింపు సంఖ్య, కనిపిస్తుంది. కేవైఎం అని ఇంగ్లీషు అక్షరాలలో టైపు చేసి, ఖాళీ వదిలి, ఆ 15 అంకెలు వ్రాసి 14422కు ఎస్సెమ్మెస్ పంపండి. బ్లాక్ అయిందనో, నకిలీ సంఖ్య అనో జవాబు వస్తే ఎంత చవకైనా ముట్టుకోవద్దు. బిల్లు లేకుండా అమ్మేవారు సర్వసాధారణం గనుక, కనీసం అసలు పెట్టె అడిగి, దాని మీది సంఖ్య దీనితో సరిపోతుందో లేదో చూసుకోండి.