ఒంగోలు సంకర ఆవుల్లో జాతి శాతం లెక్క సరిగా వేస్తున్నానా?

పశుపోషణలో అనుభవమున్న పెద్దలకు నమస్కారం. మా ఇంట మూడు తరాలుగా సాగుతున్న ఒక ఆవు సంతతికి జాతి శాతాలు లెక్కగట్టి పుస్తకంలో రాసుకుంటున్నాను. ఒకచోట సందేహం తీరక మీ సహాయం కోరుతున్నాను.

మేలైన ఒంగోలు ఆవుకు జెర్సీ వీర్యంతో పుట్టిన పెయ్యలో రెండు జాతులూ చెరి 50 శాతం. ఆ పెయ్య ఎదిగాక హోల్‌స్టీన్ ఫ్రీజియన్ వీర్యం వేయించగా పుట్టిన ఆవులో హోల్‌స్టీన్ 50, జెర్సీ 25, ఒంగోలు 25 శాతమని, తల్లిదండ్రుల శాతాలను కూడి సగం చేసే పద్ధతిలో రాసుకున్నాను. ఈ ఆవు పాలు బాగానే ఇస్తున్నా, వేసవిలో రొప్పుతూ మేత తగ్గించేయడం చూడలేక, ఇకపై దానికి ఒంగోలు వీర్యమే వేయించాలని నిశ్చయించుకున్నాను. అప్పుడు పుట్టే దూడలో ఒంగోలు 62.5, హోల్‌స్టీన్ 25, జెర్సీ 12.5 శాతం ఉంటాయి. ఆపై తరాల్లోనూ ఒంగోలు వీర్యమే వాడితే ఒంగోలు భాగం 81.25కు, తర్వాత 90.625కు చేరుతుంది.

దూడకు తల్లి నుంచి సగం రావడం ఖాయమే గానీ, ఆ సగంలో అమ్మమ్మ వాటా ఎంత, తాత వాటా ఎంత అన్నది దూడదూడకూ మారుతుంది కనుక, నా అంకెలు సగటులు మాత్రమే అని నా అవగాహన. ఇది సరైనదేనా? అలాగైతే ఒకే తరంలోని పెయ్యల్లో దేన్ని ఉంచుకోవాలో శాతాన్ని బట్టి నిర్ణయించాలా, లేక మూపురం, గంగడోలు, ఎండను తట్టుకునే తీరు చూసి నిర్ణయించాలా? దయచేసి తెలుపగలరు.