షిఫ్టులు మారుతున్నా వ్యాయామం, ఆహార నియమం తప్పకుండా ఉండాలంటే ఏం చేయాలి?

గాజువాకలో ఉంటూ వారం వారం మారే షిఫ్టుల్లో పనిచేస్తున్న నాకు, వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్న సంగతి తెలుసు. తెలియనిదల్లా ఆ ఉత్సాహాన్ని నిలబెట్టుకోవడమే. పగటి షిఫ్టు వారంలో ఉదయం చోడి అంబలి తాగుతాను, సాయంత్రం నడుస్తాను. రాత్రి షిఫ్టు రాగానే అంతా తలకిందులవుతుంది: తెల్లవారి గేటు బయట బండి మీద అప్పుడే నూనెలోంచి తీసిన పునుగులు, అల్లం పచ్చడి కనిపిస్తే కాళ్లు ముందుకు కదలవు, ఇంటికి చేరాక నిద్ర తప్ప మరో ధ్యాస ఉండదు. ఆర్కే బీచ్‌లో నడవమని అందరూ చెబుతారు గానీ, ఈ ఉక్కపోతలో అంత దూరం వెళ్లి నడవడం నా వల్ల కాదు. రాత్రి విధులు చేస్తూనే వ్యాయామం కొనసాగిస్తున్నవారు నిద్రకు ముందు చేస్తున్నారా, లేచాక చేస్తున్నారా? అర్ధరాత్రి ఆకలికి ఇంటి నుంచి ఏం పట్టుకెళ్తున్నారు? దయచేసి తెలియజేయగలరు.